నోరు మూసుకోవచ్చు, అబద్ధం మాత్రం చెప్పకూడదు

లాయర్ అని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "వాడే చంపాడని తెలిసి కూడా వాడి తరఫున ఎలా వాదిస్తారండీ, నిద్రెలా పడుతుంది మీకు?" అని. అడిగేవాళ్ళ మీద నాకేం కోపం లేదు, లా చదవకముందు నాకూ అదే డౌట్ ఉండేది. కానీ ఇన్నేళ్ళు నల్లకోటు వేసుకుని తిరిగాక నాకనిపించేదేంటంటే ఆ కోపం ఎక్కడ తగలాలో అక్కడ తగలట్లేదు. లాయర్ల మీద జనం కోప్పడాల్సినవి బోలెడున్నాయి, నిందితుడి పక్కన నిలబడటం మాత్రం వాటిల్లో లేదు. నిద్ర పట్టనివ్వని కేసులు మాకూ ఉంటాయి, కాకపోతే అవి మీరనుకునేవి కావు. పోస్ట్ పొడుగైంది, ముందే చెప్తున్నా.

ముందు ఆ ప్రశ్న సంగతి తేల్చేద్దాం. "తెలిసి కూడా" అంటారు కదా, అసలు నాకేం తెలుసండీ? క్లయింట్ చెప్పింది తెలుసు, పోలీసులు రాసింది తెలుసు, సాక్షులు ఏం చెప్పబోతున్నారో కొంచెం తెలుసు, అంతే. చేశాడా లేదా అని తేల్చే పని నాది కాదు, దానికి పైన ఇంకొకరు కూర్చుని ఉంటారు. సరే, క్లయింటే "నేనే చేశాను సార్" అని ఒప్పుకున్నాడనుకుందాం, అప్పుడు కూడా చేసింది హత్యా, ఆత్మరక్షణా, హత్య కిందకి రాని నరహత్యా అనేది తేలాలి, ఎంత శిక్ష పడాలో తేలాలి, పోలీసులు రికవరీ చూపించిన కత్తి నిజంగా అక్కడ దొరికిందేనా అనేది తేలాలి. ఇవేవీ అడిగేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి నాకు బాగా నచ్చే కేసు ఒకటుంది.

అమెరికాలో ఫ్లోరిడాలో 1961లో క్లారెన్స్ గిడియన్ అనే ఆయన్ని ఒక పూల్ రూమ్‌లో చొరబడి మెషీన్లలో చిల్లర కాజేశాడని పట్టుకున్నారు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేదు, కోర్టువాళ్ళనే ఒకర్ని ఇవ్వమని అడిగాడు, మరణశిక్ష పడే కేసులకి తప్ప ఇవ్వం అన్నారు. పాపం తన కేసు తనే వాదించుకున్నాడు. ఐదేళ్ళు జైలు. జైల్లో కూర్చుని పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి పిటిషన్ రాసుకున్నాడు, 1963లో కోర్టు ఏకగ్రీవంగా ఆయన వైపు తీర్పిచ్చింది, ఇలాంటి కేసుల్లో డబ్బు లేనివాళ్ళకి రాష్ట్రమే లాయర్ని ఇవ్వాలని. ఈ కథ చాలామందికి తెలుసు. కానీ నాకు ఆసక్తి ఆ తర్వాత జరిగిన రెండో ట్రయల్ మీద. ఆరోజు గిడియన్‌ని ఎక్కించుకున్న టాక్సీ డ్రైవర్ కోర్టులో "నన్ను ఎక్కించుకున్నట్టు ఎవరికీ చెప్పొద్దన్నాడు" అన్నాడు. వినడానికి ఎంత ఘోరంగా ఉందో చూడండి, దొంగే కదా అలా అనేది. మొదటి ట్రయల్‌లో అది అలాగే రికార్డులో ఉండిపోయింది. రెండోసారి లాయర్ ఉన్నాడు కాబట్టి క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నల్లో అడిగాడు, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అన్నాడా అని. ఓ, ఎప్పుడు పిలిచినా అదే మాట అంటాడు, ఇంట్లో పెళ్ళాంతో గొడవలు కదా అన్నాడు డ్రైవర్. అయిపోయింది. ఒక్క ప్రశ్న. అదే సాక్షి, అదే మాట, కానీ అర్థమే మారిపోయింది. అంతా విన్నాక ఈసారి జ్యూరీ నిర్దోషి అంది.

అందుకే ఎవరూ వాదించకూడదు అని తీర్మానాలు చేసే బార్ అసోసియేషన్లని, అంటే మా లాయర్ల సంఘాలని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏదైనా ఘోరం జరగ్గానే "ఈ నిందితుడి తరఫున మా వాళ్ళెవరూ వకాలత్ వెయ్యరు" అని తీర్మానం, ఫోటోలు, చప్పట్లు. కోయంబత్తూరులో లాయర్లకీ పోలీసులకీ గొడవ జరిగినప్పుడు అక్కడి బార్ పోలీసుల తరఫున ఎవరూ రావద్దని తీర్మానించింది, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2010లో కోర్టు ఇలాంటి తీర్మానాలు చెల్లవు, రాజ్యాంగానికీ వృత్తి ధర్మానికీ విరుద్ధం అని తేల్చి చెప్పింది. ఆ తీర్పులో థామస్ ఎర్‌స్కిన్ సంగతి కూడా వస్తుంది. ఇంగ్లండ్‌లో 1792లో ప్రభుత్వం మీద జనాన్ని రెచ్చగొట్టే రాతలు రాశాడన్న కేసులో విచారణ ఎదుర్కొన్న థామస్ పెయిన్ తరఫున నిలబడినందుకు యువరాజు దగ్గర అటార్నీ జనరల్ పదవి పోగొట్టుకున్నాడాయన. కేసు కూడా ఓడిపోయాడు. ఆ తర్వాత 1806లో అదే దేశానికి లార్డ్ చాన్సలర్ అయ్యాడు, కానీ ఒప్పుకున్న రోజున ఆ సంగతి తెలీదు కదా. భారత బార్ కౌన్సిల్ రూల్స్‌లో కూడా తన స్థాయికి తగ్గ ఫీజు ఇస్తానన్నవాడి కేసు లాయర్ తీసుకోవాలనే ఉంది, ప్రత్యేక కారణాలుంటే కాదనొచ్చు. "జనం తిడతారు" అనేది ప్రత్యేక కారణం కిందకి వస్తుందని నేననుకోను.

ఇంతవరకు చెప్పింది సులభమైన భాగం. క్లయింట్‌కి నా కష్టం మీద హక్కుంది, నా మౌనం మీద హక్కుంది. నా అబద్ధం మీద లేదు. ఈ మూడో ముక్క దగ్గరే అసలు కథంతా.

రోజూ ఎదురయ్యే సీన్ చెప్తా. సాక్షిని కోర్టుకి తీసుకెళ్ళే ముందు లాయర్ కూర్చోబెట్టి మాట్లాడతాడు, అది తప్పేం కాదు, మాట్లాడకపోతేనే తప్పు. "తెలిసింది తెలుసని చెప్పు, తెలీనిది తెలీదని చెప్పు, ప్రశ్న మొత్తం విన్నాకే నోరు తెరువు, కంగారు పడకు" ఇదంతా ఓకే. "ఆరోజు వీధి లైటు వెలుగుతోందా?" అని అడగడం కూడా ఓకే. కానీ "లైటు వెలుగుతోందని చెప్తేనే కేసు నిలబడుతుంది, ఇప్పుడు చెప్పు, వెలుగుతోందా?" అని అడిగారనుకోండి, అక్కడ గీత దాటేశారు. రెండు ప్రశ్నలకీ తేడా ఒక వాక్యమే. గదిలో ఇద్దరే ఉంటారు, ఎవరూ వినరు, రికార్డు ఉండదు. లాయర్ నీతి అనేది ఎక్కడుంటుందంటే ఆ గదిలో, ఆ ఒక్క వాక్యం దగ్గర ఉంటుంది, కోర్టు హాల్లో అందరి ముందూ ఏం నీతి ఉంటుంది చెప్పండి.

అమెరికాలోనే అయోవాలో ఒక కేసు అక్షరాలా ఈ గదిలో జరిగిందే. వైట్‌సైడ్ అనే అతను కత్తితో ఒకతన్ని పొడిచాడు, ఆత్మరక్షణ అన్నాడు. లాయర్‌తో మొదట్నుంచీ "తుపాకీ కళ్ళతో చూళ్ళేదు కానీ వాడి దగ్గర ఉందని గట్టిగా అనుకున్నా" అని చెప్తూ వచ్చాడు. ట్రయల్ దగ్గర పడ్డాక కథ మారింది, "ఏదో లోహంలా మెరిసింది చూశా" అన్నాడు. లాయర్ ఇదేంటి కొత్తగా అనడిగితే, తుపాకీ చూశానని చెప్పకపోతే నా పని అయిపోయినట్టే అన్నాడు. లాయర్ ఏం చేశాడంటే, ఒకటి, ఆత్మరక్షణకి తుపాకీ చూడక్కర్లేదు, ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలని చట్టం వివరించాడు. రెండు, అబద్ధం చెప్తే మాత్రం నేను కోర్టుకి చెప్పేస్తా, కేసు నుంచి తప్పుకుంటా అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, శిక్ష పడింది, నా లాయర్ నన్ను సరిగ్గా డిఫెండ్ చెయ్యనివ్వలేదని పైకోర్టులకెళ్ళాడు. 1986లో అమెరికా సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే నిందితుడికి లాయర్ సాయం పొందే హక్కుంది గానీ అబద్ధపు సాక్ష్యం చెప్పడానికి సాయం పొందే హక్కు లేదు అని. ఇక్కడ నాకు నచ్చింది కోర్టు మాట కన్నా ఆ లాయర్ పద్ధతి. పోలీసులా బెదిరించి వదిలెయ్యలేదు, నిజం చెప్పినా నీ కేసు నిలబడే దారుంది అని ముందు చూపించాడు. చాలామంది క్లయింట్లు అబద్ధం చెప్పేది దుర్మార్గులై కాదు, నిజంతో గెలవొచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పక.

దీనికి ఆ చివర ఉన్న ఉదాహరణ ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసు. 1999 జనవరిలో తెల్లవారుజామున కారు గుద్ది ఆరుగురు చనిపోయారు. 2007లో ఒక టీవీ ఛానల్ స్టింగ్‌లో ముఖ్యమైన సాక్షితో డిఫెన్స్ తరఫు సీనియర్ లాయర్ బేరాల వ్యవహారం బయటపడింది. హైకోర్టు దాన్ని కోర్టు ధిక్కారంగా తీసుకుని 4 నెలలు ప్రాక్టీస్ చెయ్యకుండా ఆపింది, 2009లో సుప్రీంకోర్టు కూడా దోషే అంది. ఆరుగురు పోయిన కేసులో సాక్షిని తిప్పే ప్రయత్నానికి 4 నెలలు! నాకైతే అప్పుడూ ఇప్పుడూ అది శిక్షలా అనిపించలేదు, సెలవులా అనిపించింది.

ఇప్పుడు మౌనం సంగతి. ఇదే నిద్ర పట్టనివ్వనిది.

షికాగోలో 1982 జనవరిలో ఒక రెస్టారెంట్‌లో సెక్యూరిటీ గార్డు హత్య జరిగింది. ఆల్టన్ లోగన్ అనే అతన్ని పట్టుకున్నారు. ఇంకో కేసులో ఇద్దరు పోలీసుల్ని చంపాడని అరెస్టయిన ఆండ్రూ విల్సన్ అనే అతను ఉన్నాడు, అతని లాయర్లు డేల్ కవెంట్రీ, జేమీ కుంజ్. గార్డుని చంపింది మా వాడేమో అని వాళ్ళకి సమాచారం వచ్చి వెళ్ళి అతన్నే అడిగారు, అతను ఒప్పుకున్నాడు. అంటే లోగన్‌కి సంబంధం లేదు. చెప్దామంటే క్లయింట్ చెప్పిన రహస్యం, పైగా చెప్తే తమ క్లయింట్ మెడకే ఉరి. ఆ లాయర్లు చేసిందేంటంటే ఆ హత్య చేసింది లోగన్ కాదని ఒక అఫిడవిట్ రాసి, సంతకాలు చేసి, నోటరీ చేయించి, కవర్ సీల్ చేసి, ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశారు. లోగన్‌కి శిక్ష ఖరారయ్యే రోజున కోర్టుకెళ్ళి మరీ చూశారు, మరణశిక్ష పడితే ఎలాగైనా ఆపాలనే ఉద్దేశంతో. యావజ్జీవం పడింది. పెట్టె తెరవలేదు. నువ్వు చనిపోయాక చెప్పొచ్చా అని విల్సన్‌ని అడిగి తను పోయాక చెప్పొచ్చని ఒప్పించుకున్నారు. విల్సన్ 2007 నవంబర్‌లో జైల్లో చనిపోయాడు, 2008 జనవరిలో పెట్టె కోర్టుకొచ్చింది. లోగన్ బయటికొచ్చేసరికి 26 ఏళ్ళు పోయాయి.

ఇది చదివి ఆ లాయర్లని తిట్టాలనిపిస్తే తిట్టండి, నేనాపను. కానీ ఒక్కటి ఆలోచించండి. విల్సన్ వాళ్ళకి నిజం ఎందుకు చెప్పాడు? బయటికి పోదని నమ్మకం ఉండబట్టి చెప్పాడు. ఆ నమ్మకమే లేకపోతే చెప్పేవాడు కాదు, అప్పుడు పెట్టె లేదు, అఫిడవిట్ లేదు, 26 ఏళ్ళ తర్వాత కూడా లోగన్ లోపలే. రహస్యం దాచే రూల్ అతన్ని జైల్లో ఉంచింది, చివరికి అతన్ని బయటికి తెచ్చిన కాగితం కూడా ఆ రూల్ వల్లే పుట్టింది. ఈ చిక్కుముడి నేను చాలాసార్లు విప్పబోయి వదిలేశా.

నా వరకు నేను ఒక అభిప్రాయానికి వచ్చా, ఆ లాయర్లు రూల్ పాటించారు, రూలే చాలలేదు. మనిషి ప్రాణం పోయే పరిస్థితి అయితే రహస్యం బయటపెట్టొచ్చని చాలా చోట్ల ఒప్పుకుంటారు. మసాచుసెట్స్ రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసి అమాయకుడు అన్యాయంగా జైల్లో మగ్గుతుంటే దాన్ని ఆపడానికి కూడా చెప్పొచ్చని రూల్‌లోనే రాసుకుంది. అన్ని చోట్లా అలా రాసుకోవాలనేది నా వాదన. దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, క్లయింట్లు నోరు తెరవరు అంటారు. కొందరు తెరవకపోవచ్చు. కానీ ఎవడో చేసిన హత్యకి ఇంకొకడు జీవితం మొత్తం కట్టడం మీద నిలబడిన నమ్మకం అయితే, అది కొంచెం తగ్గినా పర్లేదు.

అలాగని ప్రతి రహస్యానికీ ఇదే కొలత పెట్టను. న్యూయార్క్ రాష్ట్రంలో 1973లో రాబర్ట్ గారో అనే హంతకుడు తన ఇద్దరు లాయర్లకి తను చంపిన ఇద్దరమ్మాయిల శవాలు ఎక్కడున్నాయో చెప్పాడు. వాళ్ళు వెళ్ళి చూశారు కూడా. నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు, ఒకమ్మాయి తండ్రి వచ్చి ఏమన్నా తెలుసా అని అడిగితే కూడా పెదవి విప్పలేదు. 1974లో ట్రయల్‌లో బయటపడ్డాక ఊరంతా వాళ్ళ మీద పడింది, ఒకాయన మీద క్రిమినల్ కేసు పెట్టారు, కోర్టు కొట్టేసింది, ప్రాక్టీస్ మాత్రం దెబ్బతింది. ఆ తండ్రిని తల్చుకుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. అయినా వాళ్ళు చేసింది కరెక్టే అంటాను, ఎందుకంటే అప్పటికే ప్రాణాలు పోయాయి, ఇంకే ప్రాణమూ ఆ మౌనం మీద ఆధారపడి లేదు. లోగన్ విషయంలో ఒక బతికున్న మనిషి ఉన్నాడు.

ఇక్కడో మెలిక ఉంది, మౌనం అన్నిటికీ ఒకేలా వర్తించదు. వాస్తవాల గురించి నేను నోరు మూసుకోవచ్చు, చట్టం గురించి మూసుకోకూడదు. నా కేసుకి నేరుగా వ్యతిరేకంగా ఉండే తీర్పు ఒకటి ఆ కోర్టు కట్టుబడాల్సినది ఉందనుకోండి, అవతలి లాయర్‌కి అది దొరకలేదనుకోండి, నేనే జడ్జిగారికి చెప్పాలి. చెప్పి, అది మా కేసుకి ఎందుకు వర్తించదో వాదించుకోవాలి. జూనియర్లకి ఇది చెప్తే మొహాలు ఎలా పెడతారో చూడాలి, "మన గోతి మనమే తవ్వుకోవాలా సార్" అంటారు. కానీ జడ్జి దగ్గర ఒకసారి పేరు పోతే ఆ తర్వాత మీరు ఉదాహరణగా చూపించే ప్రతి పాత తీర్పునీ ఆయన పుస్తకం తెప్పించి చూసుకుంటాడు, ఆ నష్టం మీతో ఆగదు, మీ తర్వాతి క్లయింట్లందరికీ తగుల్తుంది.

2023లో న్యూయార్క్‌లో విమానంలో ట్రాలీ తగిలి మోకాలు దెబ్బతిందన్న ప్యాసింజర్ కేసులో ఏం జరిగిందో గుర్తుందా? లాయర్ చాట్‌జీపీటీని అడిగి తీర్పులు దాఖలు చేశాడు, వాటిల్లో ఆరు అసలు లేనే లేవు. అందరూ ఏఐ ప్రమాదం అని రాశారు. నాకు మాత్రం అందులో ఏఐ చిన్న విషయం అనిపించింది. అవతలి పక్షం ఈ కేసులు మాకు దొరకట్లేదన్నాక, కోర్టు కాపీలు పెట్టమన్నాక కూడా వాళ్ళు మళ్ళీ ఆ యంత్రాన్నే అడిగి అది అల్లిన కాపీలు తెచ్చి పెట్టారు. జడ్జి కూడా అదే అన్నాడు, మొదట్లోనే నిజం ఒప్పుకుని ఉంటే వ్యవహారం వేరేగా ఉండేదని. 5,000 డాలర్ల జరిమానా, ఆ దొంగ తీర్పుల్లో ఎవరెవరి పేర్లు వాడారో ఆ జడ్జిలందరికీ ఉత్తరాలు రాయాలని ఆర్డర్. ఆ రెండోది నాకు భలే నచ్చింది.

ఇక ప్రాసిక్యూషన్ వైపు లాయర్లకైతే మౌనం అనే సౌకర్యమే లేదు, ఉండకూడదు. నిందితుడికి పనికొచ్చే సాక్ష్యం వాళ్ళ చేతిలో ఉంటే ఇచ్చి తీరాలి. వాళ్ళ క్లయింట్ ప్రభుత్వం, అంటే మనమందరం, అమాయకుడు లోపలికి పోతే మనకొచ్చే లాభం ఏం లేదు. బ్రిటన్‌లో పోస్టాఫీసు కుంభకోణం చూడండి, హొరైజన్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ లెక్కలు తప్పు చూపిస్తుంటే 1999 నుంచి 2015 మధ్యలో 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లని దొంగలని తేల్చేశారు, ఇళ్ళు పోయాయి, కొందరు జైలుకెళ్ళారు. 2013 జులైలోనే సైమన్ క్లార్క్ అనే లాయర్, ఆ కేసులు నడిపిన పోస్టాఫీసుకే రాతపూర్వకంగా చెప్పాడు, మీ ఎక్స్‌పర్ట్ సాక్షి సాఫ్ట్‌వేర్‌లో బగ్స్ ఉన్న సంగతి కోర్టులకి చెప్పలేదు అని. ఆ కాగితం అప్పటికే శిక్ష పడినవాళ్ళ చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. 2021 ఏప్రిల్‌లో గానీ అప్పీల్ కోర్టు 39 మంది శిక్షలు కొట్టెయ్యలేదు. ఆ మధ్యలో ఎంతమంది లాయర్ల టేబుళ్ళ మీదుగా ఆ ఫైళ్ళు వెళ్ళుంటాయి? ఒక్కడు రాశాడు. మిగతావాళ్ళు చదివి ఉంటారు కదా.

"వాడి తరఫున ఎలా వాదిస్తారు" అని డిఫెన్స్ లాయర్ని అడిగే జనం "మీరెందుకు చెప్పలేదు" అని ప్రాసిక్యూషన్ లాయర్ని ఎప్పుడూ అడగరు. జనం కోపం తప్పు చోట తగుల్తోందని నేనన్నది అందుకే.

సరే ఇవన్నీ పెద్ద కేసులు, పేపర్లో పడేవి. మామూలు మనిషికి లాయర్ వల్ల జరిగే నష్టం చాలా వరకు ఇంత నాటకీయంగా ఉండదు. ఫోన్ ఎత్తడు. కేసు ఏ స్టేజిలో ఉందో చెప్పడు. ఫీజు తీసుకుని దావా వెయ్యకుండానే వేశాను, వాయిదా పడింది అంటాడు. వాయిదాకి వెళ్ళకుండా డిస్మిస్ చేయించుకుని అది కూడా చెప్పడు. రంగదురై కేసని ఒకటుంది, వినికిడి సరిగ్గా లేని ఒక ముసలాయన, ఒకావిడ ప్రామిసరీ నోట్ల మీద రావాల్సిన డబ్బు కోసం లాయర్ దగ్గరికెళ్తే ఆయన ఫీజు తీసుకుని దావాలు వెయ్యకుండానే వేశానని నమ్మించాడు. గడువు దాటిపోతే నోటు చిత్తుకాగితమే కదా. ఈ కేసు సంగతి మళ్ళీ వస్తా.

ఇంకోటి ఫైలు పట్టుకు కూర్చోవడం. ఫీజు బాకీ ఉంది కాబట్టి కాగితాలు ఇవ్వను, వేరే లాయర్ దగ్గరికి ఎలా వెళ్తావో చూస్తా అనడం. 2000లో సుప్రీంకోర్టు ఆర్.డి. సక్సేనా కేసులో స్పష్టంగా చెప్పేసింది, ఫీజు కోసం క్లయింట్ ఫైలు ఆపే హక్కు లాయర్‌కి లేదు, ఆపితే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఫీజు రావాలంటే దావా వేసుకో, మాకు తెలిసిన పనే కదా అది. ఇది చదివేవాళ్ళలో ఎవరి ఫైలైనా ఇరుక్కుని ఉంటే ఈ తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి, నోటీసులో రాస్తే పని జరిగే అవకాశం ఎక్కువ.

సమ్మెల గురించి ఎక్కువ రాయను, రాస్తే మావాళ్ళే నన్ను తంతారు. 2002 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు హరీష్ ఉప్పల్ కేసులో లాయర్లకి సమ్మె చేసే హక్కు లేదని చెప్పింది. ఆ తర్వాత కూడా ఏం జరుగుతోందో మీకు తెలుసు. బెయిల్ కోసం లోపల ఎదురుచూసేవాడికి మన "విధుల బహిష్కరణ" ఇంకో వారం జైలు, అంతే.

మరి ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి? భారతదేశంలో అయితే 1961 అడ్వకేట్స్ యాక్ట్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి, అక్కడ డిసిప్లినరీ కమిటీ ఉంటుంది, మందలించొచ్చు, సస్పెండ్ చెయ్యొచ్చు, రోల్ నుంచి, అంటే లాయర్ల జాబితా నుంచి పేరే తీసెయ్యొచ్చు. ఏడాదిలో తేల్చకపోతే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్తుంది. 2024లో సుప్రీంకోర్టు లాయర్ సేవలు వినియోగదారుల చట్టం కిందకి రావని చెప్పాక కన్స్యూమర్ ఫోరం దారి మూసుకుపోయింది. చట్టం ప్రకారం ఆ తీర్పుతో నాకు పెద్ద పేచీ లేదు, ఓడిన ప్రతివాడూ లాయర్ మీద కేసేస్తే ఎవరూ ధైర్యంగా వాదించలేరు. కానీ మామూలు కోర్టులో దావా వేసుకోవడం పక్కన పెడితే మిగిలింది లాయర్ల తప్పుల్ని లాయర్లే విచారించే కమిటీ ఒక్కటే, ఆ కమిటీల్ని ఎన్నుకునేది కూడా లాయర్లే, రేపు ఓటు అడగాల్సినవాడి మీద ఈరోజు ఎవరు గట్టిగా తీర్పిస్తారు? ఇంగ్లండ్‌లో 2007లో చట్టం తెచ్చి లాయర్ల సంఘాన్నీ లాయర్ల మీద నిఘా పెట్టే సంస్థనీ విడగొట్టారు, క్లయింట్ల ఫిర్యాదులకి వేరే అంబుడ్స్‌మన్‌ని పెట్టారు. అలాంటిది మనకెందుకు వద్దో ఇప్పటిదాకా నాకెవరూ నమ్మేలా చెప్పలేదు.

సొంత క్లయింట్ల వరకే లాయర్ బాధ్యత అనుకునేవాళ్ళకి నేను కపిలా హింగోరాణి పేరు చెప్తుంటా. 1979లో బీహార్ జైళ్ళలో విచారణ ఖైదీల గురించి పేపర్లో వచ్చిన కథనాలు చదివి, వాళ్ళల్లో చాలామంది నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం లోపల ఉన్నారని తెలిసి, సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారావిడ. అది హుస్సేనారా ఖాటూన్ కేసు. ఒక్క ఖైదీ కూడా ఆవిడకి వకాలత్ ఇవ్వలేదు, ఆవిడ ఎవరో కూడా వాళ్ళకి తెలీదు. సత్వర విచారణ, డబ్బు లేనివాడికి ఉచిత లాయర్ అనేవి జీవించే హక్కులో భాగమని ఆ కేసులోనే కోర్టు చెప్పింది, దాని వల్ల దాదాపు 40,000 మంది బయటికొచ్చారని అంటారు.

ఇప్పుడు రంగదురై కేసుకి వస్తా. ఆ లాయర్‌కి పడ్డ సస్పెన్షన్ని సుప్రీంకోర్టు తగ్గించింది, జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు, ఊరికే ఇంట్లో కూర్చోబెడితే ఎవరికి లాభం, బదులుగా ఒక ఏడాది పేదలకి ఉచిత న్యాయ సహాయం చెయ్యి అన్నారు. కాలేజీల్లో ఈ తీర్పుని మానవీయమని పొగుడుతూ చెప్తారు, శిక్షలో సంస్కరణ ఉండాలనే ఆలోచన నాకూ ఇష్టమే, కృష్ణయ్యర్ అంటే గౌరవం కూడా. కానీ ఈ ఒక్కచోట ఆయనతో ఏకీభవించలేను. చెవులు వినపడని ముసలాయన్ని మోసం చేసిన మనిషిని తీసుకెళ్ళి సరిగ్గా అలాంటి ముసలాళ్ళ కేసులే అప్పజెప్తే శిక్ష ఎవరికి పడ్డట్టు? డబ్బున్నవాళ్ళ దగ్గర ప్రాక్టీస్ చెయ్యడానికి పనికిరాడన్నవాడు పేదవాళ్ళకి ఎలా పనికొస్తాడు? లీగల్ ఎయిడ్ లిస్టులో కొత్తగా ఎన్‌రోల్ అయిన పిల్లల పేర్లు, ప్రాక్టీస్ లేనివాళ్ళ పేర్లే ఎక్కువ కనిపిస్తాయి ఇప్పటికీ, వాళ్ళల్లో చాలామంది ప్రాణం పెట్టి చేస్తారు, అది వేరే సంగతి. నన్నడిగితే ఆ లిస్టులో ముందుండాల్సింది సీనియర్ గౌను వేసుకున్నవాళ్ళ పేర్లు, ఏడాదికి ఇన్ని కేసులని లెక్కగట్టి, జూనియర్ని పంపించి చేతులు దులుపుకోవడం కాకుండా స్వయంగా లేచి నిలబడేలా.